ట్యాంకుగారికి వేడివేడి భోజనం

తినే తిండిని పారబోయడమంత గొప్ప సేవ ఇంకొకటి లేదు. నవ్వకండి! కంచంలో మెతుకులు వదిలేసేవాణ్ణి ఇన్నాళ్లూ పొగరుబోతని తిట్టుకున్నాం. తప్పు. అతను ఇంధనదాత! నమ్మకం కుదరకపోతే ఓ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో జరిగింది వినండి.

అక్కడి వంటావిణ్ణి అందరూ పెద్దక్క అనేవారు. ఆవిడ వండితే గిన్నెలు అడుగంటా ఖాళీ అయ్యేవి. ఏ కాస్తో మిగిలితే, ఫ్యాక్టరీ ఊడ్చే ఆడవాళ్ల డబ్బాల్లోకి వెళ్లేది. ఎంత వెనకబాటుతనం!

అలాంటి చోట మేనేజరుగారు పెరట్లో బయోగ్యాస్ ప్లాంటు పెట్టించారు. ముందు పేడనీళ్లు పోసి, ఆపైన రోజూ ఎంగిలి, తొక్కలు, కుళ్లిన కూరగాయలు ట్యాంకులో వేస్తే, గాలి చొరబడని ఆ కడుపులో అన్నీ మురిగి గ్యాసవుతాయి. పైన రబ్బరు బెలూను ఉబ్బుతుంది. పొయ్యి మీద నీలిమంట లేచిన రోజున మేనేజరుగారు దాని పక్కన నిలబడి ఫొటో దిగారు. పెద్దక్క కూడా మురిసిపోయింది.

పై ఆఫీసువాళ్లు చూడ్డానికి వస్తామనేసరికి అసలు చిక్కొచ్చిపడింది. బెలూను సగమే ఉబ్బింది. కంచాలు తుడిచినట్టు వస్తుంటే ఎంగిలెక్కడిది?

"నీ వంట మరీ బాగుంటోంది పెద్దక్కా," అన్నారు మేనేజరుగారు బాధగా. "కాస్త ఉప్పెక్కువ వెయ్యి. ఎసట్లో బియ్యం కూడా రెట్టింపు పొయ్యి."

"తినేదెవరు సార్?"

"ట్యాంకుంది కదా!"

పెద్దక్క మనసు చివుక్కుమంది. అయినా వండింది. వండింది వండినట్టే ట్యాంకులో పడింది. ట్యాంకు గ్యాసిచ్చింది. ఆ గ్యాసు మీద ట్యాంకుకి మళ్లీ వంట! ఇంతకు మించిన స్వయంసమృద్ధి ఎక్కడైనా చూశారా?

ఒక మధ్యాహ్నం ఊడ్చే అమ్మాయి డబ్బా పట్టుకుని వచ్చింది. "పొద్దున్నుంచీ ఏం తినలేదక్కా. కాస్త పెడతావా?"

పెద్దక్క గరిటె ఎత్తింది. సూపర్‌వైజరు అడ్డంపడ్డాడు. "అది ప్లాంటు కోటా! ముట్టుకోకు."

ఆవిడ గరిటె దించలేదు. ఆ అమ్మాయి డబ్బా నింపింది. వెనక నిలబడ్డవాళ్ల డబ్బాలూ నింపింది. తర్వాత ఏప్రాను విప్పి సూపర్‌వైజరు భుజం మీద వేసి, "మనుషులకి వండాలంటే కబురు పెట్టండి," అని గేటు దాటేసింది.

కంగారుపడకండి, అంతా మంచే జరిగింది! కొత్త వంటవాడు దొరికాడు. అతని చేతి మహిమ ఏమని చెప్పను? పెట్టింది పెట్టినట్టే కంచాల్లో తిరిగొచ్చేది. బెలూను పగిలేలా ఉబ్బింది. పై ఆఫీసువాళ్లు వచ్చి, మంటకి చప్పట్లు కొట్టి, మేనేజరుగారి చేతిలో షీల్డు పెట్టి వెళ్లారు.

ఈలోగా పెద్దక్క గేటుకి ఎదురుగా చిన్న హోటలు తెరిచింది. ఫ్యాక్టరీ సగం అక్కడే తింటోంది. ఊడ్చేవాళ్లకే ముందు వడ్డన. సన్మానం ముగిశాక మేనేజరుగారు కూడా అటూ ఇటూ చూసి, చివరి బెంచీ మీద కూలబడ్డారు. చూస్తుండగానే కంచం అద్దమైపోయింది.

"ఒక్క మెతుకైనా వదల్లేదేం సార్?" అంది పెద్దక్క. "పాపం, ట్యాంకు పస్తుండదూ?"

మేనేజరుగారు తలెత్తలేదు.

"ఇంకొంచెం కూర వెయ్యి," అన్నారు.