మూత మూసే ఉందనుకున్న కంపైలర్

మా ఆయన వీరేశ్ ఇరవై రోజులుగా ఒక్క తప్పూ చేయలేదు. అలాంటి మనిషితో కాపురం ఎంత కష్టమో మీకేం తెలుసు!

అయినా నా సలహా వినండి. ప్రతి ఇంట్లోనూ ఒక కంపైలర్ ఉండాలి. మనం రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. దానికి నోరు లేదు, పుట్టింటివాళ్లు లేరు. నింద మోపడానికి అంతకంటే యోగ్యమైన బంధువు దొరుకుతుందా?

అల్లం కడిగే మిషన్లకు ఈయన ప్రోగ్రాంలు రాస్తారు. మూత తెరవగానే డ్రమ్ము ఆగాలి. రాయికోడ్‌లో ఆ మిషన్ కొన్న చంద్రప్ప మామ తెరిస్తే ఆగలేదు. అల్లం ముక్కలు ఎగిరొచ్చి ఆయన తలరుమాలులో పడ్డాయట. వెంటనే ఫోన్ చేశారు.

"జరైతే చెయ్యి పోయేటిది బిడ్డా. మూడో సోమారం దాక చూస్త. మల్ల మిషన్ తెచ్చి నీ ఇంటి ముంగట దించిపోత."

"నా కోడ్ సక్కగనే ఉంది మామా. కంపైలరే ఖరాబ్ చేసింది."

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎంత శాంతి! పప్పు మాడితే కంపైలర్. గ్యాస్ బుక్ చేయడం మరిస్తే కంపైలర్. కళ్లద్దాలు కనబడక మా అత్తమ్మ నారమ్మ కూడా అనేసింది: "గా కంపలేరు ఎవలో గాని, ఇంట్లకు రానియ్యకున్రి."

ఈయన ఊరుకోక, కంపైలర్ తయారుచేసినవాళ్లకే ఫిర్యాదు రాశారు. తప్పు బయటపడేంత చిన్న ఉదాహరణ పంపమన్నారు వాళ్లు. ఈయన రెండు వేల లైన్లను కోసి కోసి పన్నెండు చేసి పంపారు. ఆదివారం జవాబొచ్చింది. కంపైలర్‌లో లోపం లేదట. మూత మధ్యలో తెరుచుకోవచ్చని ఈయన దానికి చెప్పనేలేదట. అందుకని అది మొదట్లో ఒక్కసారి చూసి, మూసే ఉందని గుర్తుపెట్టుకుని, మళ్లీ అటు చూడలేదట.

"ఒక్కపారి చూసి ఊకుంటదా ఎవలన్న? మల్ల మల్ల చూడొద్దా? అన్నీ ఎప్పటి లెక్కనే ఉంటయా?" అన్నారు ఈయన.

ఆయనే పెట్టిచ్చిన టీ కప్పును మెల్లగా ముందుకు జరిపాను. పెళ్లిచూపుల్లో రెండు చెంచాల చక్కెర అని చెప్పాను. చక్కెర మానేసి ఆరేళ్లయింది. ఆ మాటా రెండుసార్లు చెప్పాను. ఈయన రెండు చెంచాలు వేసి పెట్టే ఆదివారం టీని మాత్రం ఆరేళ్లుగా మా గులాబీ కుండీయే తాగుతోంది.

"ఇంకా చిన్న ఉదాహరణ కావాల్నా? ఇగో, ఒక్క కప్పు," అన్నాను.

ఆయన ఒక గుక్క తాగి చూశారు. కుండీ వైపు చూశారు. తర్వాత ప్రోగ్రాంలో, మూత ఎప్పుడైనా తెరుచుకోవచ్చని చెప్పే ఒకే ఒక్క మాట చేర్చారు. బల్ల మీద పరీక్షకు పెట్టుకున్న మూత ఎత్తగానే చిన్న మోటారు టక్కున ఆగింది.

చంద్రప్ప మామకు ఫోన్ చేశారు. "మామా, కంపైలర్‌ది కాదు. తప్పు నాదే."

ఫోన్ పెట్టేసి, నా కప్పు తీసుకుని లేచారు.

"గిది సుత నాదే తప్పు, మనోరమా. గిప్పుడు చక్కెర ఎంత ఎయ్యాలె?"