మా తలుపు, అక్క మంచం

భిన్న సంస్కృతులను కలపడానికి దారిన దొరికిన వస్తువులే చాలునని సాంస్కృతిక మంత్రిగారు ప్రకటించారు. వాటితో ఇన్‌స్టలేషన్ అనే ఒక మహా కళాఖండం కట్టి విదేశీ అతిథులకు చూపిస్తారట. ఎంత గొప్ప ఆలోచన! నాకు మాత్రం భయమేసింది. మంచి వార్త విన్నా నాకంతే.

మూడోరోజుకల్లా లారీ మా మురుగుకాలువ దగ్గరికి వచ్చింది. ఇవతల మేము, అవతల వేరే భాషవాళ్లు. మధ్యన మా వంటింటి పాత తలుపు, అవతలి కుట్టుపని అక్క ఇచ్చిన ఇనప మంచం, రెండిటినీ కలిపి కట్టిన తాడు. మా అమ్మాయి బడికి వెళ్లేది దానిమీదే. పిల్ల అవతలికి చేరేదాకా నేను ఊపిరి బిగబట్టి నిలబడతాను.

లారీలో వచ్చిన అధికారిగారు చూశారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"ఆహా! ఎవరిదమ్మా ఈ కళాఖండం?"

"కళాఖండం కాదు బాబూ, మా వంతెన."

"ఆర్టిస్టు సంతకం ఏదీ?"

"తలుపు మీద సంతకం ఎవరు పెడతారు బాబూ?"

"అయితే దొరికిన వస్తువే. ఎత్తండ్రా!"

"అయ్యో, నాలుగింటికి మా పిల్ల రావాలి! కాలుజారితే?"

"దిగులుపడకండమ్మా. మీ రెండు పేటల్నీ ప్రపంచం చూడబోతోంది."

ఆ సాయంత్రం అక్క మా పిల్లను పెద్దరోడ్డు చుట్టూ గంటన్నర నడిపించి తెచ్చి అప్పగించింది. ఆమె భాష నాకు రాదు. ఎవరిని తిడుతోందో మాత్రం బాగా అర్థమైంది.

ప్రారంభోత్సవానికి మమ్మల్నీ పిలిచారు. అంత మర్యాదస్తులు! చల్లటి హాల్లో, దీపాల వెలుగులో మా తలుపు. అలవాటు కొద్దీ మా అమ్మాయి కాలు పెట్టబోయింది.

"ఏయ్ పాపా, తొక్కకూడదు!" కాపలా అతను కేకేశాడు.

"మనుషుల్ని కలిపే వంతెన ఇదే!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగాక నేను చేతులు జోడించాను. "అయ్యా, ఆ కాలువ మీదికి ఏదైనా..."

"ఆ చోటును మరిచిపోతామా తల్లీ!"

మరిచిపోలేదు. వారం తిరక్కుండా కాలువ గట్టున ఇనప రేకు బోర్డు వెలిసింది. 'ఆ మహా కళాఖండం దొరికింది ఇక్కడే' అని రాసి, పక్కన మంత్రిగారి నవ్వుముఖం వేశారు. బోర్డు మంచంకన్నా పొడుగు.

మర్నాడు పొద్దున్నే అవతలినుంచి అక్క తాడు విసిరింది. నేను బోర్డుకు కట్టాను. ఆమె లాగింది, నేను తోశాను. బోర్డు ఊడి కాలువకు అడ్డంగా పడింది.

అమ్మాయి పుస్తకాల సంచితో బయల్దేరింది. నేను గట్టున నిలబడి అరిచాను:

"నవ్వు మీద కాలెయ్యకే తల్లీ, అక్కడ కింద దన్ను లేదు! చెవి పక్కనుంచి నడు!"