మామగారి తెర మీద మసక

ఆ రోజు ఉదయం ఆ ఇంట్లో వేసుకున్న లెక్క చాలా చిన్నది. తొమ్మిదింటికి సినిమా, ఒంటిగంటకు భోజనం, రెండింటికి డ్యూటీ. లెక్క వేసింది మామగారు. ఆ ఇంట్లో మిగతావాళ్లు లెక్కలు వెయ్యరు. వేసినవి వింటారు.

మామగారు ఇనుప యార్డులో క్రేను డ్రైవరు. ముప్ఫై ఏళ్ల సర్వీసు. నాలుగంతస్తుల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని పదేసి టన్నుల రేకు చుట్టల్ని ఎత్తి, జరిపి, దించుతారు. కింద నిలబడి ఆయనకు సైగలు చేసేది అల్లుడు. వేలు పైకి తిప్పితే ఎత్తాలి, కిందికి తిప్పితే దించాలి, రెండు చేతులూ అడ్డంగా చాపితే ఆపాలి. ఆ చప్పుడులో మాట వినబడదు, చేతులే మాట. అల్లుడు ఇల్లరికం వచ్చి నాలుగేళ్లయింది. ఇంట్లోనూ మామగారి కిందే, యార్డులోనూ మామగారి కిందే. తేడా ఒక్కటే, యార్డులో హెల్మెట్ ఇస్తారు.

ముందుగదిలో హోమ్ థియేటర్ ఉంది. గోడంత తెర, కప్పుకు బిగించిన ప్రొజెక్టరు, నాలుగు మూలలా స్పీకర్లు. తొమ్మిదింటికి మామగారు కుర్చీలో కూర్చున్నారు. వెనక సోఫాలో అత్తగారు, అల్లుడి భార్య, ఒక పక్కగా అల్లుడు. సినిమాలో ఏదో అడవి. చెట్లు, వాగు, గుర్రం మీద ఒక మనిషి.

"బొమ్మ మసగ్గా ఉంది," అన్నారు మామగారు.

అల్లుడు తెర వంక చూశాడు. చెట్టుకు ఆకులు లెక్కపెట్టవచ్చు. గుర్రం మీదివాడి గడ్డంలో నెరిసిన వెంట్రుకలు ఏరవచ్చు. గుర్రం ముక్కు మీద ఈగ ఉంది. ఆ ఈగకు రెక్కలు ఉన్నాయి.

"అవును మామయ్యా, మసగ్గానే ఉంది," అన్నాడు అల్లుడు.

ఎందుకన్నాడని అడిగేవాళ్లు ఆ ఇంట్లో ఒక్క రోజు కూడా ఉండలేదన్నమాట. రెండేళ్ల క్రితం, కూరలో ఉప్పు తక్కువైందని ఆయన అన్నాక, "సరిపోయిందిగా అండీ," అని అత్తగారు నోరు జారారు. పదకొండు రోజులు మామగారు మాట్లాడలేదు. అరిచే మనిషిని భరించవచ్చు. ఆయన మాట్లాడకుండా ఇంట్లో తిరుగుతుంటే గోడలు రోజుకో అంగుళం దగ్గరికి జరిగినట్టుండేది.

"నిన్నటి నుంచీ అంతే నాన్నా," అంది కూతురు, అడగకుండానే.

"నాకైతే ఒక్కో గుర్రం రెండుగా కనబడుతోంది," అన్నారు అత్తగారు. భయం ఎక్కువైనవాళ్ల సాక్ష్యం ఎప్పుడూ ఒక గుర్రం ఎక్కువే చెబుతుంది.

మామగారు చిన్నగా తల ఊపారు. "అయితే చూడవోయ్, ఏం పోయిందో."

చక్కగా ఉన్నదాన్ని బాగుచేయడం ఎలాగో అల్లుడికి తెలియదు. ఎవరికీ తెలియదు. అయినా స్టూలు ఎక్కాడు. బనీను కొసతో లెన్సు తుడిచాడు. "ఇప్పుడు?" "అంతే ఉంది." కేబుల్ పీకి మళ్లీ పెట్టాడు. బొమ్మ మధ్యలో ఒక పచ్చ గీత వచ్చింది. "ఇప్పుడు?" "గీత వచ్చింది. మసక పోలేదు." రిమోట్ అందుకుని సెట్టింగుల్లోకి దిగాడు. రంగు పెంచితే గుర్రం ఎర్రబడింది, వెలుతురు పెంచితే వాగు ఎండిపోయింది. ఇంకేదో నొక్కితే బొమ్మ వంకర తిరిగి, మనుషుల తలలు గుమ్మడికాయలంతా కాళ్లు అగ్గిపుల్లలంతా అయ్యాయి.

"ఏం చేస్తున్నారండీ?" అని భార్య గుసగుసలాడింది.

"బాగుచేస్తున్నా."

"అది తెలుస్తోందిలెండి."

అత్తగారు ఊరుకోలేకపోయారు. తెర మీద దుమ్ముందేమోనంటూ సబ్బునీళ్లతో ఒక పక్క తుడిచారు. తుడిచిన చోట పెద్ద మరక పడింది. మరక ఆరాలని ఫ్యాను తిప్పి పెట్టారు. తెర ఊగింది. గుమ్మడికాయ తలల మనుషులు ఎర్ర గుర్రాల మీద గాల్లో తేలసాగారు.

"ఇంకా మసగ్గానే ఉంది," అన్నారు మామగారు, చాలా నెమ్మదిగా. ఆయన గొంతు తగ్గగానే అల్లుడు ఫోన్ అందుకున్నాడు.

మెకానిక్కును పిలిచారు. అతను పదకొండింటికి వచ్చాడు, ఫ్యాను ఆపాడు, కేబుల్ మార్చాడు, సెట్టింగులన్నీ మొదటికి తెచ్చాడు. పది నిమిషాల పని. గుర్రం మళ్లీ గుర్రం రంగుకు వచ్చింది.

"చూడండి సార్, సినిమాహాల్లో కూడా ఇంత స్పష్టంగా రాదు."

"మసగ్గా ఉంది," అన్నారు మామగారు.

మెకానిక్కు నవ్వబోయి గదిలో మొహాలు చూశాడు. అత్తగారు రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నారు. కూతురు పెదవి కొరుకుతోంది. అల్లుడు మామగారి వీపు వెనక నిలబడి, రెండు చేతులూ అడ్డంగా చాపి, యార్డులో చుట్టను ఆపినట్టు అతని నోటిని ఆపుతున్నాడు. మెకానిక్కు బతకనేర్చినవాడు.

"అవున్సార్. ఇప్పుడు గమనించాను. మసకే. లోపల ఏదో పోయింది, షాపుకి తీసుకెళ్లాలి," అని, పెట్టె తేవడానికి బయటికి నడిచాడు.

అప్పుడు మామగారు నవ్వారు. పెళ్లినాడు కూడా అల్లుడు ఆ నవ్వు చూడలేదు. ఆయన లేచి, అల్లుడి భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి నడిపించారు.

"ఒక మాట చెప్తా, ఇంట్లో అనకు. మూడు వారాలుగా నా కళ్లే పోయాయేమోనని హడలిపోతున్నానోయ్."

"కళ్లా మామయ్యా?"

"యార్డులో పైనుంచి నీ చెయ్యి కనబడటం లేదు. నువ్వు ఉన్నావని తెలుస్తుంది, ఎత్తమంటున్నావో దించమంటున్నావో తెలియదు. ఏదో అంచనా మీద దించేస్తున్నా. సరే, యార్డులో దుమ్ము అనుకున్నా. ఇంట్లో కూడా మసగ్గా కనబడేసరికి గుండె ఆగిపోయింది. ఇవాళ పన్నెండున్నరకి కంటి డాక్టరు దగ్గర టైము కూడా తీసుకున్నా. ఇంకెందుకు? నలుగురికీ మసగ్గానే ఉందంటే కళ్లు కాదు, మిషనే. పద, భోంచేసి డ్యూటీకి పోదాం. ఇవాళ నలభై చుట్టలున్నాయి."

అల్లుడికి వరండా తిరిగింది. మూడు వారాలు కళ్లముందు కదిలాయి. మొన్న సోమవారం చుట్ట అతని బూటుకు జానెడు దూరంలో దిగింది. బుధవారం అతను ఆపమంటే అది ఇంకా దిగింది. గురువారం అతను పరుగెత్తాడు. అదంతా మామగారి పనితనం అనుకున్నాడు, అంత దగ్గరగా ఆపడానికి ఎంత నేర్పు కావాలి అని నలుగురికీ చెప్పాడు కూడా.

రెండింటికి డ్యూటీ. నలభై చుట్టలు. ఒక్కోటి పది టన్నులు. మామగారి మౌనం పదకొండు రోజులు. అల్లుడు రెంటినీ తక్కెడలో వేశాడు. ఇంత తేలిక తూకానికి కూడా అతనికి అర నిమిషం పట్టింది.

"మామయ్యా," అన్నాడు. "బొమ్మ... బాగానే ఉందేమో."

మామగారి చెయ్యి భుజం మీద నుంచి లేచింది. "ఇందాక మసగ్గా ఉందన్నావే?"

"అన్నాను. కానీ ఇప్పుడు చూస్తుంటే స్పష్టంగానే..."

"ఇటు రండి అందరూ!" అని మామగారు గదిలోకి నడిచారు. "బొమ్మ ఎలా ఉంది? నిజం చెప్పండి."

వరండాలో మాట ఆడవాళ్లకు తెలియదు. అల్లుడు భార్య వంక చూసి కనుబొమలు ఎగరేశాడు, కళ్లు తిప్పాడు, వేలితో తెర చూపించాడు. ఆమెకు అర్థమైంది ఒక్కటే, మాట మార్చకూడదని.

"మసకే నాన్నా."

"మూడు గుర్రాలు," అన్నారు అత్తగారు.

గుమ్మంలో పెట్టెతో నిలబడ్డ మెకానిక్కు కూడా "మసకే సార్" అన్నాడు.

"స్పష్టంగా ఉంది!" అన్నాడు అల్లుడు. నాలుగేళ్లలో ఆ ఇంట్లో అతను గొంతెత్తడం అదే మొదలు. "ఈగ కూడా కనబడుతోంది!"

"ఈగేమిటండీ, మీకేమైనా అయిందా?" అంది భార్య, నిజంగానే కంగారుపడి. "నాన్నా, మొన్న ఈయన్ని సూదిలో దారం ఎక్కించమంటే పావుగంట తీసుకున్నారు."

మామగారు అల్లుడి మొహంలో మొహం పెట్టి చూశారు. నలుగురికి మసగ్గా ఉన్నది ఒక్కడికి మాత్రం స్పష్టంగా ఉందట. పైగా ఈగలు. ఆయన బుర్రలో ముడి విడిపోయింది.

"అదీ సంగతి. మూడు వారాలుగా సైగలు తేడాగా వస్తున్నాయంటే నా తప్పు కాదన్నమాట. నీ కళ్లు పోయాయోయ్! కళ్లు లేనివాడివి కింద నిలబడి నాకు దారి చూపిస్తున్నావా? ఎవడైనా చుట్ట కింద పడితే ఎవడిది బాధ్యత?"

చుట్ట కింద పడబోయేవాడు తనేనని అల్లుడు చెప్పబోయాడు. వినే చెవి లేదు. డాక్టరు దగ్గర తీసుకున్న టైము ఎలాగూ ఉంది. మామగారు అల్లుడి జబ్బ పట్టుకుని వీధిలోకి నడిపించారు. రోడ్డు దాటేటప్పుడు, "మెల్లగా, సైకిల్ వస్తోంది," అని జాగ్రత్త చెప్పారు. వచ్చింది లారీ. మామగారిని అల్లుడే వెనక్కి లాగాడు.

కంటి డాక్టరు పొట్టిగా, విసుగ్గా ఉన్న ఆవిడ. చీటీ మీద ఎవరి పేరుందో చూడలేదు. అల్లుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఎదుటి గోడ మీద అక్షరాల పట్టీ చూపించింది. మామగారు పక్కనే నిలబడ్డారు, చేతులు కట్టుకుని.

అల్లుడు లెక్క వేసుకున్నాడు. సరిగా చదివితే మామగారు తప్పవుతారు. తప్పు చదివితే అతన్ని యార్డులో సైగల పని నుంచి తీసేస్తారు, చుట్టల కింద ఇంకొకడు నిలబడతాడు. ప్రాణం దక్కుతుంది. ఆ ఇంకొకడి ప్రాణం సంగతి అతనికి తట్టింది, తట్టలేదని చెప్పడం అబద్ధం. తట్టాక కూడా తప్పు చదవాలనే అనుకున్నాడు. కానీ అబద్ధానికి కూడా బుర్ర పనిచెయ్యాలి. భయంలో అది పనిచెయ్యలేదు. కళ్లకు కనబడింది నోరు చదివేసింది. ఒక వరస, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు...

"ఆపండి!" అన్నారు మామగారు. "డాక్టరుగారూ, వీడు కల్పిస్తున్నాడు. ఇందాక ఇంట్లో ఈగల్ని కల్పించాడు, ఇప్పుడు అక్షరాల్ని కల్పిస్తున్నాడు. నాలుగో వరస కింద అక్కడేమీ లేదు కదా!"

డాక్టరు పెన్ను కింద పెట్టింది. పట్టీ వంక చూసింది. మామగారి వంక చూసింది.

"ఎన్ని వరసలున్నాయండీ?"

"నాలుగు."

"ఎనిమిది," అంది ఆవిడ. "అబ్బాయ్, నువ్వు లే. పెద్దాయనా, మీరు కూర్చోండి."

మామగారికి 'కూర్చోండి' అని చెప్పి కూర్చోబెట్టినవాళ్లను అల్లుడు అదే మొదటిసారి చూడటం. ఆవిడ ఆయన కళ్లలోకి లైటు వేసి చూసింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ చెయ్యాలి.

"మీరేం చేస్తుంటారు?"

"క్రేను నడుపుతాను."

"దాని కింద ఎవరుంటారు?"

"నేను," అన్నాడు అల్లుడు.

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, యార్డుకు ఒక కాయితం రాసి ఇచ్చింది. కళ్లు బాగై తను మళ్లీ రాసిచ్చేదాకా ఈయన క్రేను ఎక్కకూడదు.

మామగారు వీధిలో మాట్లాడకుండా నడిచారు. పదకొండు రోజుల మౌనం మొదలైందనుకున్నాడు అల్లుడు. మలుపు దగ్గర ఆయన ఆగారు.

"ఇంట్లో అందరూ మసగ్గా ఉందన్నారుగా?"

"భయపడి అన్నాం మామయ్యా."

మామగారు డాక్టరు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నేనూ భయపడే అడిగాను," అన్నారు. ఆ తరువాత అల్లుడి జబ్బ పట్టుకుని రోడ్డు దాటారు. ఈసారి ఎవరు ఎవరిని దాటిస్తున్నారో ఇద్దరికీ తెలుసు.

రెండు కళ్లకూ ఆపరేషన్లు అయ్యాయి. మూడు నెలలకు డాక్టరు ఇంకో కాయితం రాసింది. మామగారు మళ్లీ క్రేను ఎక్కారు. మొదటి చుట్ట గాల్లోకి లేచినప్పుడు కింద అల్లుడు రెండడుగులు వెనక్కి జరిగాడు. వేలు కిందికి తిప్పాడు. చుట్ట దిగింది. రెండు చేతులూ చాపాడు, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. క్రేను చప్పుడు ఆగిపోయింది. కళ్లు తెరిచి చూస్తే చుట్ట ఎక్కడ ఆగమన్నాడో అక్కడే, గీసిన గీత మీద ఆగి ఉంది.

పైన అద్దాల గది కిటికీ తెరుచుకుంది. మామగారి తల బయటికి వచ్చింది.

"ఏమోయ్! డ్యూటీలో కళ్లు మూసుకుంటావా? చొక్కా రెండో గుండీ ఏది? ఆ ఎడమ బూటు తాడు ఎవడు కడతాడు? పొద్దున గడ్డం కూడా సరిగా గీసుకోలేదు నువ్వు!"

అల్లుడికి ఆ రోజుతో ప్రాణభయం పోయింది. మామగారి భయం ఒక్కటే మిగిలింది.