వంజరం ఉపవాసం

డెబ్బై రెండులో, అది కరువు ఏడాది, సముద్రపు చేపల జీవన పరిశోధనకు ప్రభుత్వం హైదరాబాదు లాల్‌దర్వాజా సందులో ఒక కార్యాలయం తెరిచింది. సముద్రం పక్కనే ఉంటే పరిశోధకులకు చేపల మీద పక్షపాతం కలుగుతుందని పెద్దలు ముందుచూపుతో ఆలోచించారు. పైగా ఆ అద్దె ఇల్లు డైరెక్టరుగారి తోడల్లుడిది.

అక్కడి ఏకైక పరిశోధకుడు అచ్యుతరామయ్య. ఉప్పాడ తీరంలో పుట్టినవాడు, ఏళ్ల తరబడి తాత్కాలిక ఉద్యోగి. వంజరం చేప ఏం తింటుందో, ఎలా పెరుగుతుందో మార్చిలోగా తేల్చకపోతే ఆఫీసుతోపాటు అతన్నీ ఎత్తివేస్తామని తాఖీదు వచ్చింది.

వారానికొక వంజరం కాకినాడ నుంచి మంచుపెట్టెలో రైలెక్కి వచ్చేది. దారిలో కుళ్లకుండా ఒడ్డునే పొట్ట కోసి, పేగులు తీసి పంపడం అక్కడి ఆనవాయితీ. ఈ సంగతి అచ్యుతరామయ్యకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అయినా చేపను బల్ల మీద పడుకోబెట్టి, పొట్టలోకి తొంగిచూసి, ‘ఏమీ లేదు’ అని రాసేవాడు. రాసింది అబద్ధం కాదు.

పెరుగుదలకు ఇంకా గట్టి ఆధారం దొరికింది. పరిశోధన ముగిసిన చేప డైరెక్టరుగారింటికి వెళ్లేది. ఆ మాట కాకినాడ వ్యాపారి చెవిన పడ్డాక వారం వారం చేప పెద్దదవుతూ వచ్చింది. జాతి ఒకటే కనుక చేపా ఒకటేనని డైరెక్టరుగారు నిర్ణయించారు. అంటే వంజరం తినదు, కానీ పెరుగుతుంది.

బల్ల కడిగే అటెండరు మాణిక్యమ్మకు శాస్త్రం ఎక్కలేదు.

“కడుపు కోసి పంపినంక గది ఉపాసమెట్లయితది సారూ?”

“మార్చి దాటనీ మాణిక్యమ్మా. నీ ఉద్యోగం కూడా అందులోనే ఉంది.”

మార్చి దాటకముందే హాస్టళ్లు చూసే శాఖ ఈ సిద్ధాంతాన్ని అందిపుచ్చుకుంది. ఉప్పునీళ్లలో చేప పెరగగా లేనిది, మంచినీళ్లు తాగే పిల్లలు పెరగరా అని రాత్రి భోజనం తీసేసింది. పురానాపూల్ హాస్టల్లో మాణిక్యమ్మ కూతురు ఉంది. నెల తిరిగాక డాక్టర్లు వెళ్లి పిల్లల పొట్టలు నొక్కి చూశారు. ఖాళీగానే ఉన్నాయి. సిద్ధాంతం రుజువైంది. పిల్లలు మునుపటికంటే పొడుగ్గా కూడా కనిపించారు. ఎండిన పిల్లలు అలాగే కనిపిస్తారు.

పత్తర్‌గట్టిలో సన్మానం జరిగింది. డైరెక్టరుగారు మైకు సర్దుకున్నారు. “ఈ దేశానికి తిండి సమస్య లేదు. తినే దురలవాటే సమస్య. ఆ దురలవాటు లేని జీవిని మన అచ్యుతరామయ్యగారు లోకానికి చూపించారు.”

చప్పట్ల మధ్య ఉద్యోగం ఖాయమైన ఉత్తర్వు అతని చేతికొచ్చింది. దండల పళ్లెం పట్టుకున్న మాణిక్యమ్మ దగ్గరకు జరిగింది.

“సారూ, మా పిల్ల నీళ్లు తాగి పండుకుంటున్నది. పేగులు ముందే తీసిండ్రని ఒక్క మాట చెప్పుండ్రి. మీ నౌకరీకి ఇగ ఫికర్ లేదు గదా.”

అచ్యుతరామయ్య మైకు ముందుకు వెళ్లాడు. జేబులో ఉత్తర్వు తడుముకున్నాడు.

“వంజరం చాలా క్రమశిక్షణ గల చేప,” అన్నాడు.

తర్వాత విందు. ఆ వారం చేపను ముక్కలు కోసి వేయించారు. మాణిక్యమ్మే వడ్డించింది. ముళ్లు ఏరారా అని ప్రతివాళ్లూ అడిగారు. పేగులు ఎవరు తీశారని ఎవరూ అడగలేదు. మీరున్నా అడిగేవారు కారు. వేపుడు అంత బాగా కుదిరింది.