టాబావా కుండ సమరము

సహారా నిట్టూర్పులకు సజ్జదంట్ల దడులు గజగజలాడు మరాదీ సీమయందు, తొలివాన దగ్గరపడినదని వృద్ధులు తమ మోకాళ్ళనొప్పుల సాక్షిగా ఘోషించుచున్న మండుటెండల వేళ, మహాధైర్యశాలిని టాబావా తన మట్టికుండ యెదుట పీట వేసికొని రణమునకు కూర్చుండెను. ఆ కుండలోని తెల్లఅలసందలే ఆమెకు ఆ యేటి విత్తనమంతయు.

శత్రువెవ్వడు? నువ్వుగింజంత దేహముతో, గింజగర్భమున పెరిగి, గింజనే గుల్లచేసి వెడలు కృతఘ్నశిఖామణి పుచ్చుపురుగు. అస్త్రమో, దంచినంతనే ఆవఘాటు చిమ్ము హంజాపొద పచ్చియాకు. కుండలో వేసి, మూతచుట్టు బంకమన్ను మెత్తి, ఏడు దినములు కదల్పరాదు. నిరుడామె దినదినము మూతయెత్తి చూచెను. ఘాటు పోయెను, పురుగు మిగిలెను, విత్తనము నాశనమయ్యెను. కావున నేటి యుద్ధము పురుగుతో కాదు, తన కుడిచేతితోనే.

మూడవనాడు మేనమామ కొడుకు జటావు విచ్చేసెను. బావ గనుక వెక్కిరించుట అతని హక్కు, కోపగించుట ఆమెకు తగదు.

"ఏమే మరదలా, కుండకి నువ్వు కాపలానా, నీకు కుండ కాపలానా?"

"నోరు మూసుకో బావా, నా కుండలాగా."

"సంతలో పురుగుమందు పొడి కొని చల్లరాదూ?"

"పోయినేడు ఆ పొడి చల్లిన అలసందలు తిని, మీ ఇంటిల్లిపాదీ మూడు రోజులు పొదల వెనకే ఉన్నారు. మర్చిపోయావా?"

"అదలా ఉంచు. లోపల పురుగులకి పెళ్ళిళ్ళవుతున్నట్టున్నాయి. ఒక్కసారి తీసి చూడు, పోనీ."

అహో, ఆ 'పోనీ' ఎంతటి వాడిబాణము! కుడిచేయి దానంతటదే లేచి బంకమన్ను తాకెను. టాబావా గర్జించెను.

"ఒసే చెయ్యీ, నిరుడు నీ మూలాన విత్తనాల కోసం ఇల్లిల్లూ అడుక్కున్నాను. మళ్ళీ కదిలావో, నీ మీద కూర్చుంటా."

అన్నంత పనియు చేసెను. ఎడమచేత తినరాదు గనుక ఆ మధ్యాహ్నపు అలసందవడలు ఆమెకు దక్కలేదు.

"నీ వాటా కూడా నేనే తినేస్తాలే," అని జటావు దయతో ఆరగించెను.

ఎనిమిదవనాడు బావ చూచుచుండగా మన్ను పగిలెను. ఘాటుకు జటావు ముమ్మారు తుమ్మెను. గింజలు నిండుగా, నున్నగా మెఱసెను. పైన ఒకే పురుగు కాళ్ళు నింగికెత్తి పడియుండెను. అతడు దానిని పుల్లతో పొడిచెను.

"చచ్చిందంటావా?"

"పడుకుందేమో, లేపి చూడు."

జటావు నవ్వలేదు. "పొడంటే భయమేసి ఈసారి మావి ఊరికే వదిలేశానే. అన్నీ పుచ్చులే. విత్తడానికి గింజ లేదు. దోసెడిస్తావా?" అని మెల్లగా అడిగెను.

ఆమెకు జాలి వేసెను. రెండు దోసిళ్ళు పోసెను.

జనులారా, వినుడు! మరాదీ సీమలో ఒక కుండ ఏడు దినములు తెరువబడలేదు.