శీలావతి పేరు ఎత్తరాదు

ఆ సోమవారం పొద్దున సంజీవరావు మాస్టారు అనుకున్న పనులు మూడే. కాలువ నుంచి మొక్కలు తేవాలి. గాజుతొట్టిలో నాటాలి. పదకొండింటికి ఇన్‌స్పెక్షనుకు వచ్చేవాళ్ళు చూసేదాకా అవి నాటినచోటే ఉండేలా పక్కన కాపలా కూర్చోవాలి. మొదటి రెండూ ఆయన రోజూ చేసేవే. మూడోది ఇంతవరకు ఒక్కనాడూ కుదరలేదు.

సంజీవరావు విజయవాడలో, బందరు కాలువ పక్కనున్న ఒక ఆడపిల్లల హైస్కూల్లో నేచురల్ సైన్సు చెప్పేవాడు. నాలుగేళ్ళుగా టెంపరరీ. కిందటేడు వచ్చిన ఇన్‌స్పెక్టరు సైన్సు గది చూసి, ఇందులో ప్రాణమున్నది ఒక్కటీ లేదని రాసిపోయాడు. అప్పుడు సంజీవరావు ఆయన ఎదురుగానే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పాఠం చెప్పేటప్పుడు తప్ప పైకి వినపడేలా మాట్లాడడం ఆయనకు చేతకాదు. ఈసారి రిపోర్టు బాగుంటే పర్మనెంటు చేస్తామని, బాగులేకపోతే ఆ పోస్టే ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చింది.

ఆ కాగితం వచ్చిన వారానికే గాజుతొట్టి వచ్చింది. కిటికీలకు అద్దాలు బిగించే అబ్దుల్ రవూఫ్ చేత నాలుగడుగుల తొట్టి చేయించి, అడుగున కృష్ణ ఇసుక పోసి, సంజీవరావు మొక్కలు నాటాడు. రంగురంగుల బుల్లి చేపలు వేద్దామనుకున్నాడు. మన పిల్లలకు మన చేపలు తెలియాలని హెడ్మాస్టరు నిసార్ అహ్మద్ గారు పట్టుబట్టారు. దాంతో అటెండరు జక్కయ్య కాలువలోంచి వేలెడంత శీలావతి చేపపిల్లను పట్టుకొచ్చి వేశాడు.

ఎనిమిది నెలల్లో ఆ వేలెడు జానెడున్నర అయింది. ఎందుకవదు? లేత నాచు మొత్తం మొదటి వారంలోనే అయిపోయింది. పొన్నగంటి ఆకులు తిని కాడలు వదిలేసింది. తినడానికి పనికిరాని మొక్కలనైనా వదిలిందా అంటే అదీ లేదు, వేళ్ళతో సహా పీకి పైకి తేల్చింది. సంజీవరావు వేళ్ళకు గులకరాళ్ళు కట్టాడు. ముడి విప్పింది. చిన్న కుండీల్లో పెట్టి దించాడు. కుండీలు దొర్లించింది. చివరికి ఆయన కొత్త ఉపాయాలు మానేసి, రోజూ ప్రేయరు బెల్లుకు ముందు చొక్కా చెయ్యి భుజందాకా మడిచి, తిన్నవాటి బదులు కాలువ నుంచి తెచ్చినవీ, పీకినవీ మళ్ళీ నాటడం మొదలుపెట్టాడు. ఆయన చెయ్యి నీళ్ళలో కనబడితే చాలు, శీలావతి వచ్చి వేళ్ళ సందుల్లో మూతి పెట్టేది.

తొట్టి ముందు ఒక అట్ట ఉంది. దాని మీద తొమ్మిదో తరగతి రూతు గుండ్రటి అక్షరాలతో రాసింది: "శీలావతి. మన ప్రాంతపు జాతి. లావుపాటి ఒళ్ళు, చిన్న నోరు. ఎప్పుడూ ఏదో ఒకటి తింటూనే ఉంటుంది. ఒకరు నాటినది కనబడితే పీకేదాకా నిద్రపోదు." ఇన్‌స్పెక్షనులో ఇదంతా చూడకుండా అప్పజెప్పాల్సింది కూడా రూతే. నెల రోజులుగా వల్లెవేస్తోంది.

తొమ్మిదిన్నరకు నిసార్ అహ్మద్ గారు ఎదురు రైసుమిల్లులో ఫోను మాట్లాడి, పరుగులాంటి నడకతో వచ్చారు. మిల్లు ఆడుతుండగా మాట్లాడి వచ్చారేమో, ఇంకా అరుస్తూనే ఉన్నారు. పాత ఇన్‌స్పెక్టరుకు బదిలీ అయిందట. కొత్తగా ఇన్‌స్పెక్ట్రెస్ వస్తున్నారట. భారీ మనిషట, అంతకంటే భారీ కోపమట.

"పేరేంటో తెలుసా సంజీవరావుగారూ? శీలావతి."

సంజీవరావు అట్టవంక చూశాడు. హెడ్మాస్టరూ చూశారు. "లావుపాటి ఒళ్ళు" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ ఒకేసారి చెమట పట్టింది.

అట్ట తీసి బీరువాలో పడేశారు. అంతటితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ శీలావతి మళ్ళీ తినేసిందని, శీలావతి ఇంకా లావెక్కిందని పిల్లలంతా వరండాల్లో రోజూ చెప్పుకునే మాటలు హెడ్మాస్టరుకు గుర్తొచ్చాయి. వెంటనే నోటీసు పుస్తకం తెప్పించి సొంత దస్తూరీతో రాశారు: "ఈ దినమున పాఠశాలలో ఎవ్వరును శీలావతి పేరు ఎత్తరాదు. ఎవరైనను అడిగినచో, అటువంటిది మన వద్ద లేదని చెప్పవలెను."

జక్కయ్య ఆ పుస్తకం పట్టుకుని పద్నాలుగు క్లాసులు తిరిగాడు. టీచర్లు చదివి సంతకాలు పెట్టారు. అప్పటిదాకా శీలావతి ఊసే లేని క్లాసుల్లో కూడా గుసగుసలు బయల్దేరాయి. ఏడో తరగతిలో శీలావతి అనే పిల్ల ఉంది. తెరేసమ్మ టీచరు హాజరు పిలుస్తూ, నోటీసు ప్రకారం ఆ పేరు దాటేశారు. ఆ పిల్ల లేచి నేనున్నాను టీచర్ అంటే, ఈ ఒక్కరోజుకీ నువ్వు లేవమ్మా అని కూర్చోబెట్టారు.

హెడ్మాస్టరుకు ఇంకో అనుమానం వచ్చింది. పేరు ఎత్తకపోయినా, చేపను చూస్తే ఇదేం చేప అని ఆవిడే అడుగుతారు కదా. కాబట్టి చేప కూడా ఉండకూడదు. చేపే లేకపోతే తొట్టిలో ఇంక ప్రాణమున్నది ఏముందని సంజీవరావు చిన్నగా గొణిగాడు.

"మొక్కలకు ప్రాణం ఉందని పిల్లలకు చెప్పేది మీరే కదండీ" అన్నారు నిసార్ అహ్మద్ గారు.

జక్కయ్య శీలావతిని రేకుతొట్టిలోకి మార్చి, సైన్సు గది వెనకనున్న సామాన్ల కొట్లో పెట్టి గడియ వేశాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారిగా గాజుతొట్టిలో మొక్కలు నిటారుగా నిలబడ్డాయి. చూడ్డానికి ఎంతో బాగుంది. సంజీవరావుకు మాత్రం పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిరిలా అనిపించింది.

పదకొండింటికి రిక్షా దిగిన ఇన్‌స్పెక్ట్రెస్ గారు మంచినీళ్ళయినా తాగకుండా నోటీసు పుస్తకం అడిగారు. ఆఖరి పేజీ చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఎవరండీ ఈ శీలావతి?"

ఆవిడ ఎత్తిపొడుస్తున్నారనుకుని హెడ్మాస్టరు లేచి నిలబడ్డారు. "క్షమించాలమ్మా. తమ గౌరవం కోసమే దాచాం."

"దాచారా? ఎక్కడ?"

"సైన్సు గది వెనకాలండి. గడియ పెట్టి."

ఎన్నాళ్ళ నుంచి ఉందని ఆవిడ అడిగారు. ఎనిమిది నెలలని ఆయన చెప్పారు. రిజిస్టరులో పేరుందా అంటే లేదన్నారు. ఎవరు తెచ్చి పెట్టుకున్నారంటే, సంజీవరావు మాస్టారన్నారు. ఎలాగూ బయటపడింది కాబట్టి ఆ మాస్టారికి ఒక మంచిమాట సాయం చేద్దామని, ఆయన చాలా శ్రద్ధ గల మనిషని, రోజూ దానికి నీళ్ళు ఆయనే పోస్తారని, ఆయన చేతిలోంచి తప్ప అది తినదని కూడా చెప్పారు. మంచిమాట పెరిగినకొద్దీ ఆవిడ మొహం ఎర్రబడింది.

సైన్సు గదిలో ఆవిడ గాజుతొట్టివైపు చూడనేలేదు. తడి చొక్కాతో నిలబడ్డ సంజీవరావును పైనుంచి కిందిదాకా చూసి, శీలావతి ఎక్కడని అడిగారు.

"అటువంటిది మన దగ్గర లేదండి" అన్నాడు జక్కయ్య, నోటీసులో ఉన్నట్టే.

సరిగ్గా అప్పుడే కొట్లో నీళ్ళు చప్పుడయ్యాయి. మళ్ళీ అయ్యాయి.

"లోపల ఎవరు?"

"తలుపు తియ్యమాకండమ్మా. దూకేసిద్ది."

ఆవిడే వెళ్ళి గడియ లాగారు. జక్కయ్య చెప్పినట్టే దూకేసింది. తడి నేలమీద జారుకుంటూ వచ్చి ఆవిడ చెప్పుల ముందు ఆగి, తోక కొట్టుకుంది. పొద్దుటి నుంచి గోడవార నిలబడి ఉన్న రూతు, తన వంతు వచ్చిందనుకుని, భయంతో కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. "శీలావతి. మన ప్రాంతపు జాతి. లావుపాటి ఒళ్ళు, చిన్న నోరు..." ఒక్క మాట పొల్లుపోకుండా, పీకేదాకా నిద్రపోదు అనే వరకు అప్పజెప్పింది. నిసార్ అహ్మద్ గారు దగ్గర్లో ఉన్న స్టూలు మీద కూలబడ్డారు.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు చేపను చూశారు, రూతును చూశారు, స్టూలువైపు తిరిగారు.

"చేప పేరు ఎత్తొద్దని నోటీసేమిటండీ?"

"తమరి పేరూ అదే కదమ్మా" అన్నారాయన నీరసంగా.

"నా పేరు లీలావతి."

రైసుమిల్లు చప్పుడు కిటికీలోంచి స్పష్టంగా వినిపించింది. ముందు దాన్ని నీళ్ళలో వేసి చావండని ఆవిడ అనేలోపే సంజీవరావు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని గాజుతొట్టిలో వదిలాడు. రేకుతొట్టిలో గంటన్నర పస్తున్న కోపమంతా ఉందేమో, శీలావతి ఒక చివర నుంచి పని మొదలుపెట్టింది. ఒక్కో మొక్కా పైకి తేలింది. అయిదు నిమిషాల్లో అడుగున ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు.

మొక్కలతోపాటు తన ఉద్యోగం కూడా తేలడం సంజీవరావుకు కనబడుతూనే ఉంది. ఏం చెప్పాలో తోచనప్పుడు చేసే పని ఒకటి ఆయనకు అలవాటైపోయింది. చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజందాకా ముంచి, తేలినవాటిలో మొదటిది తీసుకుని నాటడం మొదలుపెట్టాడు.

"రోజూ ఇంతేనా?" అన్నారావిడ కాసేపు చూసి.

"రోజూ ఇంతేనండి."

"మరి రేపో?"

"మళ్ళీ నాటుతానండి." ఆ మాట గదిలో అందరికీ వినబడింది.

ఆవిడ నిలబడే రిపోర్టు రాసి, రిక్షా ఎక్కి వెళ్ళిపోయారు. నిసార్ అహ్మద్ గారు విప్పి చదివారు. "సైన్సు మాస్టారు ఎనిమిది నెలలుగా నాటుచున్నారు. ప్రతిదినము పీకివేయబడుచున్నవి. మరునాడు మరల నాటుచున్నారు. ఇరవై ఏండ్లు పాఠములు చెప్పిన నాకు తెలిసి, బోధన అనగా ఇదియే. వీరిని పర్మనెంటు చేయక తప్పదు."

జూన్‌లో ఆర్డరు వచ్చింది. సంజీవరావు స్కూలంతటికీ పిప్పరమెంటు బిళ్ళలు పంచాడు. అదే కవరులో హెడ్మాస్టరు పేర ఇంకో కాగితం ఉంది. నోటీసు పుస్తకం నకలు చూసిన గుమాస్తా ఎవరో తయారు చేసింది. శీలావతి అను ఆమె పాఠశాలలో ఉండగా లేనట్లు చెప్పించుటకు కారణమేమో పదిరోజులలోగా తెలుపవలెనని, ఆమె వాంగ్మూలం కూడా జతచేయవలెనని అందులో రాసి ఉంది.

ఆమెకు సంతకం రానిచో వేలిముద్ర చాలునట.