అధ్యక్షులవారి ఆరోగ్య సినిమా

ఒక పెద్ద అడవిని రెండుగా చీలుస్తూ ఘాట్ రోడ్డు పడింది. రోడ్డు పడ్డాక దాని పక్కన దాబా వెలిసింది. దాబా వెనక, తినగా మిగిలినవన్నీ పారబోసే గుంట ఒకటి తయారైంది. అడవిలో జంతువులకి గడ్డి మీద రుచి పోయింది ఆ గుంట వల్లే.

బొట్లమ్మ అనే చుక్కల జింకకి ఒక్కగానొక్క కొడుకు. పుట్టిన పూటే గెంతాడని వాడికి గెంతుడు అని పేరు పెట్టుకుంది. ఇప్పుడు గెంతడం మాట అటుంచి, వాగు గట్టు ఎక్కడానికే వాడు రొప్పుతున్నాడు. పొద్దున నూడుల్స్, మధ్యాహ్నం చిప్స్, సాయంత్రం ఏది దొరికితే అది. లేత గరిక ముందు పెడితే మొహం తిప్పుకునేవాడు.

"దీంట్లో మసాలా లేదమ్మా," అనేవాడు.

జింకకి ఉన్న ఆస్తల్లా కాళ్లే. అవి మొరాయిస్తే ఏమవుతుందో బొట్లమ్మకి బాగా తెలుసు. కాలిలో ముల్లు దిగిన రోజునే వాళ్లాయన పులి నోట పడ్డాడు.

అందుకే అడవి మండలి ఆఫీసు చుట్టూ తిరిగింది. ఆమె వెళ్లినప్పుడల్లా కార్యదర్శి నక్క, "పరిశీలనలో ఉందమ్మా," అనేవాడు. పరిశీలిస్తున్నది ఎవరో చెప్పేవాడు కాదు.

అలాంటిది ఒకరోజు నక్కే వెతుక్కుంటూ వచ్చాడు.

"బొట్లమ్మా, నీ మొర ఫలించింది. ఈ ఆదివారం సాయంత్రం అడవికంతటికీ సినిమా వేస్తున్నాం. ఫాస్ట్ ఫుడ్ వల్ల నష్టాలు, ఆకుకూరల వల్ల లాభాలు. అధ్యక్షులవారి ఆజ్ఞ!"

అధ్యక్షులవారంటే పులి.

"పులిగారికి మా పిల్లల తిండి మీద ఇంత శ్రద్ధ ఉందని నాకు తెలీదు సెక్రటరీగారూ," అంది బొట్లమ్మ, కళ్లు చెమర్చి.

"ఈమధ్యే మొదలైంది," అన్నాడు నక్క.

మండలి సభ జరిగే చోట ఎవరూ ఎవర్నీ తినకూడదని నియమం. ఆ ధైర్యంతో ఆదివారం అడవి అడవంతా కదిలొచ్చింది. ఊరి బడివాళ్లు పారేసిన ప్రొజెక్టరు, దాబా వాళ్లు ఆరేసుకున్న తెల్ల దుప్పటి. రెండూ నక్క సంపాదించాడు. పులి లేచి పొట్ట నిమురుకుంటూ మాట్లాడింది.

"మీ ఆరోగ్యమే నా ఆరోగ్యం. ఇది నేను మాటవరసకి అంటున్నది కాదు."

పెద్దగా త్రేన్చి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది బొట్లమ్మే.

సినిమా మొదలైంది. దుప్పటి నిండా పెద్ద బాణలి. అందులో నూడుల్స్ గాల్లోకి ఎగురుతున్నాయి, ఉల్లికాడలు చిటపటలాడుతున్నాయి, పొగలు లేస్తున్నాయి. "ఇది విషం," అంటోంది వెనకనుంచి ఓ గంభీరమైన గొంతు. సభంతా నిశ్శబ్దం. గుటకలు మాత్రం వినిపిస్తున్నాయి. జన్మలో దాబా వైపు వెళ్లని కుందేళ్లు కూడా, "ఈ విషం ఎక్కడ దొరుకుతుంది?" అని పక్కవాళ్లని అడగడం మొదలెట్టాయి.

తర్వాత తెర మీదకి ఉడికించిన సొరకాయ వచ్చింది. ఇంటర్వెల్ అనుకుని కోతులు లేచిపోయాయి. వాటి వెనకే మిగతావాళ్లూ లేచారు. బయట నక్కగారి బావమరిది దుకాణం పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. దాబా గుంటలోంచి అప్పుడే తెచ్చిన మిరపకాయ బజ్జీలు. బొట్లమ్మ చూసేలోపే గెంతుడు రెండు దవడల్లోనూ కుక్కేశాడు.

చివర్లో ఆదర్శ ఆరోగ్యవంతుడి బహుమతి. గరిక తప్ప ఏదీ ముట్టని కోటయ్య అనే దుప్పికి పూలదండ పడింది. మర్నాడు సన్మానానికి పులిగారి గుహకి రమ్మన్నారు.

కోటయ్య వెళ్లాడు. తిరిగి రాలేదు.

వాళ్ల ఆవిడ వచ్చి అడిగితే నక్క వినయంగా చెప్పాడు: "అధ్యక్షులవారు ఆయన్ని తమలో కలుపుకున్నారమ్మా."

పెద్ద పదవే ఇచ్చి ఉంటారని అందరూ అనుకున్నారు. బొట్లమ్మ కూడా అలాగే అనుకుంది. ఆ రోజు నుంచి కొడుకుని దాబా వైపు పోనివ్వకుండా కాపలా కాసింది. వాడు ఎలాగోలా పోతూనే ఉన్నాడు.

ఒక పొద్దున మంద వాగులో నీళ్లు తాగుతుండగా పొదలు కదిలాయి. పులి! మంద చెల్లాచెదురైంది. బొట్లమ్మ పరుగందుకుని వెనక్కి చూసింది. గెంతుడు గట్టు సగంలో చతికిలబడి ఉన్నాడు. ఆమె కాళ్లు ఆగిపోయాయి. తెలిసి తెలిసి వెనక్కి నడిచింది.

పులి వంగి గెంతుణ్ని వాసన చూసింది. మొహం చిట్లించింది.

"ఏరా, సినిమాకి రాలేదా?"

"వచ్చానండి."

"మరి ఈ మసాలా వాసనేమిటి?"

"ఇంటర్వెల్లో బజ్జీలు బాగున్నాయండి. అప్పట్నుంచీ మానలేకపోతున్నా."

పులి బొట్లమ్మ వైపు తిరిగి మందలించింది. "పిల్లల్ని పెంచే తీరు ఇదేనా అమ్మా? ఈ నూనె తిండి తిన్నవాళ్లని తిని తిని నాకు గుండెల్లో ఒకటే మంట. కొంగ డాక్టరు చేతులెత్తేశాడు. ఆ కోటయ్యని చూసి నేర్చుకోండి. ఎంత శుభ్రమైన ఒళ్లు! ఆయన్ని తిన్నాక ఒక్క పుల్లటి త్రేన్పు లేదు. నిన్నే తినేద్దును గానీ, వీణ్ని దారిలో పెట్టేవాళ్లుండరు. నీకు వచ్చే అమావాస్య దాకా గడువిస్తున్నా. వీడికి గరిక పెట్టు, పరిగెత్తించు."

"అలాగేనండి," అంది బొట్లమ్మ.

పులి వెళ్లిపోయింది. బొట్లమ్మ కొడుకుని ఆనుకుని చాలాసేపు నిలబడింది. వాడి గుండె దడదడలాడుతోంది. భయానికో, గట్టు ఎక్కినందుకో ఆమెకి తెలీలేదు.

"గరిక తినాలా అమ్మా?" అని అడిగాడు వాడు.

"వద్దు," అంది బొట్లమ్మ. ఇన్నాళ్లూ తను కాపలా కాసిన దారినే, దాబా గుంట దాకా స్వయంగా నడిపించుకెళ్లింది. వాడు తింటుంటే ఏడుస్తూ చూసింది. తర్వాత తనూ తింది.

మంద మొత్తానికి సంగతి తెలిసింది. అమావాస్య నాటికి అడవిలో నూనె వాసన రాని జీవి లేదు. పులి ఎవర్ని పట్టుకున్నా మొహం చిట్లించి వదిలేసేది. ఆకలికి చిక్కి, ఒకనాడు నక్కని పిలిపించింది.

"సినిమా వేశాం కదయ్యా, ఇంకా ఎవరూ మారలేదేం?"

"రెండో భాగం వేద్దాం అయ్యగారూ. ఈసారి సొరకాయని ముందే చూపిద్దాం."

"నువ్వు కూడా ఆ బజ్జీలు తింటావా?"

"రామ రామ!" అన్నాడు నక్క గర్వంగా. "అవి అమ్మడానికండి. మా ఇంట్లో ఎవరం ముట్టం."

"దగ్గరికి రా," అంది పులి.

కార్యదర్శి పదవి ఇంకా ఖాళీగానే ఉంది. గెంతుడు బొద్దుగా, బద్ధకంగా బతికే ఉన్నాడు.

నీతి: మన ఆరోగ్యం గురించి ఎవరైనా మరీ దిగులుపడుతుంటే, ముందు వాళ్ల భోజనవేళ ఎప్పుడో కనుక్కోవాలి.